ఖాళీ గది

యెకతెరిన్‌బర్గ్‌లో, పాత ఇనుప కర్మాగారం వెనక వీధిలో
ఎనిమిది గదుల ఉమ్మడి ఫ్లాటు మాది.
గదికొకరు. వంటగది ఒకటే, కెటిళ్లు ఎనిమిది.
ఒకరి గదిలో ఇంకొకరు కాలు పెట్టరు.
పెడితే ఏమవుతుందో
గోడకు అతికించిన నిబంధనల కాగితం కన్నా
రుఫీనా అర్కాద్యెవ్నా కనుబొమలు బాగా చెబుతాయి.

ఈ లెక్కలు నాకు నేర్పింది ఆవిడే.
మొదటిరోజు కిటికీ గట్టు మీద చిన్న సీసా పెట్టింది.
నికెల్ ఆక్సైడు, ఆకుపచ్చ పొడి.
"పుస్తకం ప్రకారం ఇందులో కరెంటు పారాలి.
పారదు.
పాపం, దీనికి చదువు రాదు."
కాసేపాగి,
"ఎలక్ట్రాన్లను ఒక్కొక్కదాన్నీ విడిగా లెక్కగట్టారు.
పక్కదాని పొడ గిట్టదన్న సంగతి మరిచారు.
మన నడవ చూడు,
తలుపులు తెరిచే ఉన్నాయి, కదిలేదెవరు?"

అప్పట్నుంచీ మెషీన్‌లో నేను గదులు కడుతున్నాను.
ఎనిమిదికి ఎనిమిది, అరవై నాలుగు గళ్లు.
పక్క గడిలోకి గెంతితే ఒక రూబుల్ లాభం,
ఒకే గడిలో ఇద్దరుంటే ఎనిమిది రూబుళ్ల జరిమానా.
నియమాలు ఇంతే.
కానీ ఎవరెవరు ఎక్కడెక్కడ ఉండొచ్చో అన్నీ రాయాలంటే
ఉరల్ అడవులన్నీ కాగితం చేసినా
మొదటి అధ్యాయం పూర్తికాదు.
అందుకే పాచికలు వేస్తాం.
అన్నం ఉడికిందో లేదో
మెతుకు పట్టి చూసినట్టు.

గడికొకరు ఉన్నన్నాళ్లు లెక్క బుద్ధిగా నడిచింది.
పట్టిన ప్రతి మెతుకూ ధనమే.
రాత్రి పెడితే పొద్దున్నకి జవాబు,
పక్కన వెంట్రుకంత తప్పుగీత.

జనవరి పదకొండున, బయట మైనస్ ముప్పై నాలుగు,
మూడో గది క్లావ్దియా పోయింది.
తొమ్మిది రోజులు ఆ తలుపు తీయలేదు.
పదోనాడు
కుట్టుపని చేసే ఇరైదా, వెలుతురు బాగుంటుందని, అందులోకి మారింది.
ఇరైదా గదిలోకి ట్రామ్ నడిపే సవేలీ.
సవేలీ గదిలోకి సంగీతం చెప్పే నీనెల్, పియానోతో సహా.
ఇరవై ఏళ్లు కదలని పియానో
నా గుమ్మం ముందునుంచి మూలుగుతూ పోయింది.
మనుషులు ఇటు జరుగుతుంటే
ఖాళీ అటు నడిచింది,
నడవ చివరిదాకా, చెప్పులు లేకుండా.

ఆ రాత్రి నేనూ
ఎనిమిదింట ఒక ఎలక్ట్రాన్‌ని తీసేశాను.
లోపల కదలిక పుట్టింది.
దాని కొంగు పట్టుకుని మైనస్ గుర్తూ వచ్చింది.
ఇద్దరు ఒకరి చోటికి ఒకరు మారితే చాలు
అవునన్నది కాదవుతుంది.
లక్షల అవునులు, లక్షల కాదులు
ఒకదాన్నొకటి తినేసి
చివరికి మిగిలింది
చుక్క తర్వాత రెండు సున్నలు, ఒక మూడు.
ఇంకాస్త చల్లబరిస్తే ఆ మూడూ లేదు.
తప్పుగీత కాగితం అంచు దాటి
బల్ల మీదికి పోయింది.

పన్నెండు రాత్రులు తిరగేసి మరగేసి వేశాను.
పదమూడోనాడు రుఫీనాకి చూపించాను.
కళ్లజోడు చొక్కా అంచుతో తుడుచుకుని,
"ఇక్కడే. మేమూ ఇక్కడే ఆగాం" అంది.
"అప్పుడేం రాశారు?"
పరుపు కిందనుంచి లాగ్ పుస్తకం లాగింది.
తేదీ, ఉష్ణోగ్రత,
ఎదురుగా ఊదా సిరాలో
"ఇంతకు దిగువన తెలియదు".
దాని కింద పూర్తి సంతకం.

"తెలిసినదానికి ఎవరైనా పెడతారు" అంది.

రాత్రి రెండింటికి సవేలీ డ్యూటీ దిగొచ్చి
అలవాటు కొద్దీ పాత గది తలుపే నెట్టాడు.
చీకట్లో ఎవరి మోచెయ్యో పియానో మీద పడింది.
నడవలో దీపం వెలిగింది, తిట్లు, తర్వాత నవ్వు.

నేను ఉష్ణోగ్రత ఒక మెట్టు పెంచి
మళ్లీ పాచికలు వేశాను.